ఎవరో మహారాజ్ గారి భార్య

"నా రబ్బరు చెప్పులు ఏ బ్యాగులో తగలేశావే?"

టొబేగో దీవిలో దిగాక నా మొగుడు నాతో అన్న మొదటి మాట ఇది. ఓడలో ఉన్నంతసేపూ మాట్లాడే స్థితిలో లేడు. సముద్రం కాస్త ఎగిరిపడితే చాలు, దియో కడుపులోది బయటికొచ్చేస్తుంది. ట్రినిడాడ్ వీధులన్నీ తనవే అన్నట్టు తిరిగే మనిషి ఓడెక్కగానే పసిపిల్లాడైపోతాడు. సంచి పట్టుకుని పక్కన కూర్చున్నది నేను, వీపు నిమిరింది నేను, మూతి తుడిచింది నేను. రేవులో దిగగానే ఒళ్లు విరుచుకుని, మళ్లీ మగాడైపోయి, బ్యాగులన్నీ నాకు వదిలేసి ముందు నడిచాడు.

"నీలం బ్యాగులో, తువ్వాళ్ల కింద," అన్నాను. తను వెతకలేదు. నేనే తీసి కాళ్ల దగ్గర పెట్టాను. పాతికేళ్ల అలవాటు. నన్నడగకుండానే నా నడుం వంగుతుంది.

ఆ పాతికేళ్లు సరిగ్గా ఈ రోజే నిండాయి. ఈ రోజు మా పెళ్లిరోజు. దియోకి గుర్తులేదు. గుర్తుండి ఇక్కడికి తీసుకొచ్చాడనుకునేరు, కాదు. తన టైర్ల షాపులో నేలకి కొత్తగా సిమెంటు వేస్తున్నారు. "ఎలాగూ షాపు మూసేస్తున్నాం, ఇంట్లో కూర్చుని నీ మొహం నేను, నా మొహం నువ్వు చూసుకోవడం ఎందుకు, పద టొబేగో," అన్నాడు. ఆ 'పద' అన్న ఒక్క మాటకే నేనెంత మురిసిపోయానో! పెళ్లయిన కొత్తలో మొదటి పెళ్లిరోజున ఏడుస్తూ కూర్చుంటే మా అత్త అన్నది, "నా కొడుకు చీకటి పడేసరికి ఇంటికొస్తున్నాడా లేదా? ఊళ్లో ఎంతమందికుంది ఆ భాగ్యం? ఇంకా పూలు కూడా కావాలా నీకు?" అని. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

అడగలేదు గానీ పూలు పంపడం మాత్రం నా ఉద్యోగంలో భాగమైపోయింది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఓడ సరుకుల కంపెనీలో మేనేజర్ల సెక్రటరీని నేను. వాళ్ల పెళ్లిరోజులన్నీ నాకే గుర్తుండాలి. "అంజనీ, మా ఆవిడకి ఏదో ఒకటి పంపెయ్యి, ఆవిడకేం ఇష్టమో నీకే బాగా తెలుసు," అంటారు, కాగితాల్లోంచి తలైనా ఎత్తకుండా. ఇన్నేళ్లలో ఒక్కడూ భార్య పేరు పలకలేదు. 'మా ఆవిడకి' అంతే. నేను ఫోన్ తీసి, నాకంటూ ఉన్న ఆ ఆఫీసు గొంతుతో, మెత్తగా, తీయగా, "ఫలానా వారి ఆఫీసు నుంచండీ, వారి శ్రీమతి కోసం..." అని మొదలుపెడతాను. ఒకావిడ ఒకసారి ఫోన్ చేసి కళ్లనీళ్లు పెట్టుకుంది, "ఎంత పనిలో ఉన్నా ఆయన నన్ను మర్చిపోరమ్మా," అని. అవునండీ అన్నాను. ఏమంటాను మరి?

పోయిన వారం మధ్యాహ్నం, ఆఫీసులో అందరూ భోజనానికి వెళ్లాక, ఫోన్ తీసి, మేం దిగబోయే ఈ గెస్ట్‌హౌస్‌కి మా ఇంటిపేరుతోనే చేశాను. "మిస్టర్ మహారాజ్ గారి ఆఫీసు నుంచండీ. వారి పెళ్లిరోజు. వారి శ్రీమతి కోసం ఎర్ర ఆంథూరియం పూలు, నల్ల కేకు, మర్నాడు పొద్దున అడుగున అద్దమున్న పడవలో ఇద్దరికి చోటు." అలవాటు చొప్పున నా పేరు చెప్పడం నేనూ మర్చిపోయాను.

పిచ్చిదాన్నేం కాదు. ఆ పూలు చూసి దియో ఏమంటాడో వినాలని, అంతే. "ఇదెవరు చేశారే?" అని అడిగితే చాలు. చెప్పేస్తాను. కోప్పడినా సరే, నవ్వినా సరే, ఒక్కసారి అడగాలి.

సాయంత్రం వరండాలోకి వచ్చేసరికి బల్ల మీద అన్నీ ఉన్నాయి. పూలు అచ్చం నేను మేనేజర్ల ఇళ్లకి పంపించేవాటిలాగే ఉన్నాయి, నిగనిగలాడుతూ. గెస్ట్‌హౌస్ యజమానురాలు మిస్ యూడోరా, తెల్లజుట్టు, భారీ మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పెళ్లిరోజు శుభాకాంక్షలు నాయనా! ఇలాంటి మొగుళ్లు ఇంకా పుడుతున్నారంటే నమ్మలేకపోయాను. మా ఆయన బతికున్నన్నాళ్లూ నాకిచ్చింది చేపలు, తోమమని. నీ సెక్రటరీ పిల్ల గొంతు కూడా ఎంత ముద్దుగా ఉందో!"

దియో పూల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. తర్వాత ఛాతీ విరిచాడు.

"ఆఁ, ఆఁ. నేనే చెప్పాను ఆ అమ్మాయికి. లోటు రాకూడదని మరీ మరీ చెప్పాను."

తన టైర్ల షాపులో సెక్రటరీ అంటే గేటు దగ్గర పడుకునే నల్లకుక్క ఒక్కటే.

మిస్ యూడోరా లోపలికి వెళ్లగానే నా చెవిలో గుసగుసలాడాడు. "నోరెత్తకు! ఎవరిదో మనకి తగిలింది. ట్రినిడాడ్‌లో రాయి విసిరితే ఎవరో ఒక మహారాజ్‌కి తగులుతుంది. శాన్ ఫెర్నాండో ఊళ్లో లాయరు ఎవడో అయ్యుంటాడు. వాడొచ్చేలోపు తినేద్దాం."

"పెళ్లిరోజు అంటోంది కదా," అన్నాను. నా చివరి ఆశ అది.

"అదే కదా చెప్తున్నా, మనది కాదని. మనది దీపావళి వెళ్లాక."

దీపావళి వెళ్లాక అయింది తన చెల్లెలి పెళ్లి.

కేకు కోశాడు. ఇంత హుషారుగా తనని చూసి ఎన్నాళ్లయిందో. దొంగ మామిడికాయ దొరికిన పిల్లాడిలా కిసకిసా నవ్వుతూ ఒక ముక్క నా నోటికందించాడు. "తినవే, ఆ మహారాణి వాటా! ఆవిడెవరో గానీ పెట్టి పుట్టింది. పాపం, ఆ మొగుడు ఎంత ఆరాటపడి చెప్పించాడో."

"అంతేం పెట్టి పుట్టలేదులే," అన్నాను.

"చూశావా, నీకు కుళ్లు."

తనకి నా మీద కోపం లేదు, ద్వేషం లేదు. అదే నాకు భరించలేనట్టుగా ఉంది. ఎక్కడో ఇంకో మహారాజ్ ఉంటాడని, వాడికో భార్య ఉంటుందని, ఆవిడకి ఎర్రపూలు తగుతాయని ఇట్టే నమ్మాడు. ఆ భార్యని నేనే కావచ్చన్న అనుమానం మాత్రం తనకి రాలేదు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం. ఎదురుగా సముద్రం ఎర్రబడుతోంది. పిల్లలు చదువులకు వెళ్లిపోయి, ఇల్లు బావురుమన్న రోజుల్లో కూడా నేనింత ఒంటరిగా లేను. కేకులో రమ్ము ఘాటుగా ఉంది. దాని వంకన కళ్లు తుడుచుకున్నాను.

మిస్ యూడోరా మళ్లీ తలుపు దగ్గరికొచ్చింది. "నాయనా, పడవ మనిషి కబురు పంపాడు. నీ సెక్రటరీ చెప్పినట్టే పొద్దున్నే ఇద్దరికీ చోటుంచాడట. ఖాయమేనా?"

దియో బల్ల కింద నా కాలు తొక్కాడు. "ఊఁ అనవే."

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. చెంచా పళ్లెంలో పెట్టి, నోట్లోది మింగి, ఆవిడ వైపు తిరిగాను. గొంతు దానంతటదే వచ్చేసింది. మెత్తగా, తీయగా.

"నమస్కారం మిస్ యూడోరా. మిస్టర్ మహారాజ్ గారి ఆఫీసు నుంచండీ."

ఆవిడ చెయ్యి నోటి మీదికి పోయింది. "ప్రభువా! అమ్మడూ, నువ్వా?"

దియో చేతిలో కేకు ముక్క గాల్లోనే ఆగిపోయింది. నన్ను చూశాడు, పూలని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "అంటే... ఇదంతా... ఎవరు చేశారే?"

సాయంత్రమంతా నేను ఎదురుచూసిన ప్రశ్న వచ్చింది. దానికి జవాబు చెప్పాలన్న కోరిక మాత్రం అప్పటికే నాలో మిగల్లేదు.

"రేపటి పడవలో చిన్న మార్పండీ," అన్నాను ఆవిడతో, అదే గొంతుతో. "ఒక్కరికి చాలు. పేరు అంజనీ అని రాసుకోండి."