వీధివైపు తిరిగిన బూట్లు

ఆ ఇంట్లో చెప్పులు తెల్లారేసరికి వాటంతటవే వీధివైపు తిరిగేవి. ఎవరెలా విడిచి పడేసినా సరే, ఆరుగంటలకల్లా గుమ్మం పక్కన అరలో మడమలు లోపలికి, ముక్కులు బయటికి పెట్టుకుని బుద్ధిగా ఉండేవి. అన్నిటికంటే ముందు నాయనమ్మవి తిరిగేవి. బస్సు డ్రైవరైన నాన్న బూట్లలో కుడిది తిరిగిన పది నిమిషాలకి గానీ ఎడమది కదిలేది కాదు. "వాడి బద్ధకమే దీనికీ వచ్చింది," అనేది నాయనమ్మ.

నాయనమ్మని వీధిలో అందరూ ఈరోజమ్మ అనేవారు. ప్రభువు మళ్ళీ వస్తానని మాటిచ్చాడు, ఏ రోజో చెప్పలేదు, కాబట్టి ఈరోజే కావచ్చు. ఆవిడకి తెలిసిన లెక్క అదొక్కటే. పొద్దున్నే ప్రార్థన ముగించి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పాలు పోసే మనిషితో కూడా "ఈరోజే కావచ్చయ్యా!" అని సంబరంగా చెప్పేది. ఆయన రానందుకు సాయంత్రం ఏనాడూ దిగులుపడలేదు. రేపు కూడా ఈరోజే అవుతుందిగా!

మనవరాలి తెల్ల బూట్లు మాత్రం పదకొండు నెలలుగా గోడవైపే చూస్తున్నాయి. ఆమె కాన్పుల ఆసుపత్రిలో నర్సు. ఆమె చేతుల్లోకి వచ్చిన ఒక బిడ్డ ఏడవలేదు. తప్పు ఎవరిదీ కాదని డాక్టర్లు ఎంత చెప్పినా, ఆ రోజు విడిచిన బూట్లు ఆమె మళ్ళీ తొడగలేదు, పనికీ వెళ్ళలేదు. నిన్న కూర్చుని రాజీనామా ఉత్తరం రాసి, పోస్టు చెయ్యమని నాన్న జేబులో పెట్టింది.

ఈ ఉదయం నాయనమ్మ ఒక్క కేక పెట్టింది.

"లేవండి, లేవండి! దీని బూట్లు తిరిగాయి!"

నిజంగానే తిరిగాయి. పైగా లేసులు కూడా వదులై, తొడుక్కోవడమే తరువాయిగా ఉన్నాయి. నాయనమ్మకి ఇక సందేహమే లేదు.

"ఇవి కూడా తిరిగాయంటే ఇంకేముంది, ఆయన వచ్చేస్తున్నాడు! స్టవ్ ఆపండి. ఒరేయ్, చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కో, తల దువ్వుకో!"

"అమ్మా, ప్రభువు నా క్రాపు చూడ్డానికి వస్తాడా?" అంటూనే నాన్న దువ్వెన కోసం పరిగెత్తాడు.

నర్సు నవ్వాపుకోలేకపోయింది. ఎన్ని నెలలైందో నవ్వి! సరిపోతాయో లేదో చూద్దామని ఊరికే బూట్లు తొడిగి లేసులు బిగించింది. సరిగ్గా అప్పుడు తలుపు దబదబా మోగింది. ముగ్గురూ ఒక్కసారిగా తలుపువైపు తిరిగారు.

తలుపు తీస్తే ఎదురింటి బేకరీ ఆయన. నిలువునా తడిసిపోయి ఉన్నాడు.

"అక్కా, మా ఆవిడకి నొప్పులొచ్చాయి! వానకి వంతెన మునిగింది, అంబులెన్సు అవతలే ఆగిపోయింది..." అంటూ నర్సు కాళ్ళవైపు చూశాడు. "అమ్మయ్య, బయల్దేరే ఉన్నారా! ఎవరు చెప్పారక్కా మీకు?"

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "నాయనమ్మా, నా వల్ల కాదు."

"నీ వల్ల అయ్యేదైతే ప్రభువుతో పనేముందే? నేనూ వస్తాను, పద!"

మోకాలిలోతు నీళ్ళలో పరిగెత్తారు. నర్సు వేడినీళ్ళు, శుభ్రమైన తువ్వాళ్ళు అడిగింది. ఆమె చేతులు ఏదీ మర్చిపోలేదు. గంటకి బిడ్డ బయటపడింది.

ఏడవలేదు.

గది నిశ్శబ్దమైపోయింది. నర్సుకి ఈ నిశ్శబ్దం తెలుసు, దీని భయంతోనే పదకొండు నెలలు గడిపింది. కానీ ఆగలేదు. బిడ్డ నోరు తుడిచింది, వీపు రుద్దింది, అరికాళ్ళు తట్టింది, మళ్ళీ రుద్దింది. "రావమ్మా, రా, అందరం నీకోసమే చూస్తున్నాం," అంది. తలుపు దగ్గర నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి.

కెవ్వుమంది బిడ్డ! వీధి చివరిదాకా వినిపించింది ఆ ఏడుపు. బేకరీ ఆయన నవ్వుతూ ఏడుస్తూ కనపడ్డ ప్రతివాళ్ళనీ కౌగలించుకున్నాడు. నర్సు గోడకి ఆనుకుని, సంతోషం పట్టలేక వెక్కివెక్కి ఏడ్చింది.

ఇంటికొచ్చాక నాన్న ఆటపట్టించాడు. "చొక్కా వేయించావు, క్రాపు దువ్వించావు. మరి ఆయన రాలేదుగా?"

"తాను వచ్చేలోగా ఖాళీగా కూర్చుంటాడటరా?" అంది నాయనమ్మ స్టవ్ వెలిగిస్తూ. "ఇంకా సాయంత్రందాకా టైముంది. చొక్కా విప్పకు."

"నాన్నా, ఆ ఉత్తరం వేసేశావా?" నర్సు అడిగింది.

"బస్సే కదల్లేదు, ఉత్తరం ఎక్కడేసేది?" అని జేబులోంచి తీసిచ్చాడు.

ఆమె ఉత్తరాన్ని రెండుగా చింపి, ఉండలు చేసి, తడి పీల్చుకునేలా ఒక్కో బూటులో ఒక్కోటి కుక్కింది.

"పొద్దుటికి ఆరతాయంటావా?" అంది నాయనమ్మ.

"ఆరాలి, నాయనమ్మా. ఎప్పుడు పిలుపొస్తుందో ఏమో!"

తెల్లారేదాకా ఆగలేక, తన చేత్తోనే ఆ బూట్లని వీధివైపు తిప్పి పెట్టింది.