ఆ బంగారం ఎవరు?

నా భార్య నన్ను వదిలేసి ఏడాదైంది. ఎక్కడికీ వెళ్ళలేదు. మా హాల్లో సోఫా మీదే ఉంది, కాళ్ళు మడుచుకుని, ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని. రోజూ సాయంత్రం ఏడింటికి ఒక రోబోతో పేకాడుతుంది.

బయట చెబితే పరువు పోతుందని ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మా ఫ్యాక్టరీలో నలభై మందికి, కింద కిరాణా కొట్టతనికి, ఇద్దరు ఆటోవాళ్ళకి తప్ప.

ఆట పేరు బ్రిడ్జి. రమ్మీ కాదు, మూడు ముక్కలాట కాదు, పైసలు ఉండవు. నలుగురు కూర్చుంటారు, ఇద్దరిద్దరు ఒక జట్టు, మన జోడీ మనకి ఎదురుగా. ముందు వేలంపాట: మేమిన్ని పట్లు పడతామంటే మేమిన్ని పడతామని. పాట గెలిచిన జట్టులో ఒక్కరే ఆడతారు. రెండోవాళ్ళు పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచేసి, ఆ చెయ్యి, అంటే ఆ పంపకం, అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. వాళ్ళని డమ్మీ అంటారు. ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థి కన్నా హీనం. అతనికి కనీసం గుర్తన్నా ఇస్తారు.

సత్యశ్రీకి ఈ ఆట వాళ్ళ నాన్న నేర్పారు. మా మామగారు శివరామకృష్ణ భీమవరం వైపు నుంచి వచ్చి, బీరంగూడ పక్కనున్న పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఆ ఫ్యాక్టరీ టౌన్‌షిప్ క్లబ్బులో సత్య ఊయల దిగీ దిగగానే పేక ముక్కలు పట్టుకుంది. నాది కొండాపూర్ మండలం. నాకు ఆట నేర్పింది సత్యే, పెళ్ళికి ముందు. ఆమెకి ఎదురుగా రెండు గంటలు కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు అని నేర్చుకున్నాను.

కాకపోతే నాకొక చిన్న అలవాటుంది. పాట నేనే పాడతాను, చెయ్యి నేనే ఆడతాను, ఆడుతూ జోకులేస్తాను. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో నేను డమ్మీ అయింది ఒకే ఒక్కసారి. అదీ మిక్చర్ గొంతుకి అడ్డం పడి నేను దగ్గుతున్నప్పుడు ఆమె పాట పాడేసింది. నిరుడు క్లబ్బులో జంటల పోటీకి వెళ్ళాం. పన్నెండు జంటలొస్తే మాకు పన్నెండో స్థానం. పదమూడో జంట వచ్చుంటే పదమూడో స్థానం కూడా మాదే. మర్నాడే సత్య ట్యాబ్‌లో బ్రిడ్జి యాప్ ఎక్కించుకుంది.

అందులో ముగ్గురు రోబోలు. ఇద్దరు ప్రత్యర్థులు, ఒకడు సత్య జోడీ. ఆ ఒకడు జోకులెయ్యడట. ముక్క ముక్కకీ "అరె, గిదేంది" అనడట. చెయ్యి ఆమెనే ఆడనిస్తాడట. నాకేం అసూయ లేదు. వాడికి విరేచనాలు పట్టుకోవాలని గుట్ట మీది మల్లన్నకి మొక్కుకున్నాను, అంతే.

నిజానికి రోబోలతో నాకు ముందు నుంచే పడదు. నేను పటాన్‌చెరులో సీసా మూతల కంపెనీలో చేస్తాను. అక్కడ పెట్టెలు పేర్చడానికి ఒక ఇనుప చెయ్యి తెచ్చారు. మొన్న దసరాకి దానికి బొట్టు పెట్టి, బంతిపూల దండేసి, పదకొండు కొబ్బరికాయలు కొట్టారు. నా పెళ్ళిలో నాకు రెండే కొట్టారు.

సోమవారం ఇంటికి వచ్చేసరికి మా ఫ్రిజ్ మీద ఒక కాగితం కనిపించింది. ఈ ఏటి జంటల పోటీ, ఆదివారం. శుక్రవారంలోగా పేర్లివ్వాలి. ఆటగాడి పేరు: సత్యశ్రీ. జోడీ పేరు: ఖాళీ.

"సత్యా, గిదేంది, ఖాళీగుంది?"

"ఆలోచిస్తున్నా."

"గిండ్ల ఆలోచించేదేముంది? పెండ్లి కార్డు మీద నా పేరే ఉండె గదా."

"పెళ్ళి వేరు, బ్రిడ్జి వేరు శ్రావణ్. క్లబ్బులో మురళీమోహన్ గారు అడుగుతున్నారు, నాతో ఆడతావా అమ్మా అని. అరవై నాలుగేళ్ళు ఆయనకి, ఆటలో ఒక్కసారి కూడా నోరు తెరవరు."

"పండ్లు లెవ్వు ఆయనకు, గందుకే తెరవడు."

సత్య నవ్వలేదు. ట్యాబ్ వంక చూసి, "కుర్చీలో కూర్చోగలిగితే ఈ రోబో పేరే రాసేసేదాన్ని," అంది.

ఆ రాత్రి నేను చపాతీలు తినలేదు. ఏడు తప్ప.

మర్నాడు ఫ్యాక్టరీ లైన్లో చిన్నరాములు కాక పక్కన నిలబడి నా బాధ చెప్పుకున్నాను. ఆయనది కూడా మా మండలమే, నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్ద.

"కాక, నా పెండ్లాం రోజూ బ్రిడ్జి ఆడుతుంది."

"బ్రిడ్జి మీదనా? బొంబై రోడ్డురా బిడ్డ, లారీలు దూసుకపోతయి. జెర భద్రం జెప్పు."

"రోడ్డు మీది బ్రిడ్జి కాదు కాక. పేకాట పేరు. రోబోతోని ఆడుతది."

కాక తిరిగి మా ఇనుప చేతి వైపు చూశాడు. "గీనితోనా?"

"గీనితోని కాదు. ఫోన్ల ఉంటది."

"మొఖం ఉంటదా?"

"ఉండది."

"మాట?"

"మాట్లాడది."

కాక చాలాసేపు ఆలోచించాడు. నాలుగు పెట్టెలు వెళ్ళిపోయాయి. "అయితే నీ పని అయిపోయిందిరా. నోరు లేనోనితోని ఎవ్వడు గెల్వలే. ఒక నిమ్మకాయ మంత్రించి ఇస్త, దాని కింద బెట్టు."

కాక మంత్రం వేసిన ఆ నిమ్మకాయ క్యాంటీన్‌ది. అయినా తెచ్చాను. సాయంత్రం కుక్కర్ మూడో కూత వేయగానే సత్య దించడానికి లేచింది. నేను ట్యాబ్ ఎత్తి కింద నిమ్మకాయ పెట్టబోతుంటే తెర మీద ఒక బటన్ కనిపించింది: సీటు మార్చు.

నిమ్మకాయ పనిచేసింది. ఆమె కూరకి తాలింపు వేసేలోగా నా ఫోన్‌లో ఆ యాప్ దించి, రోబో7 అని పేరు పెట్టుకుని, ఆమె ట్యాబ్‌లో ఆ బటన్ నొక్కి, అసలు రోబోని గెంటేసి ఆ సీట్లో నేను కూర్చున్నాను. మిగతా ఇద్దరి పేర్లు కూడా రోబోలే. ఒక అంకె ఎక్కువైతే ఎవరు చూస్తారు? ఫోన్ పట్టుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను. నా పథకం సులువు. పిచ్చిపిచ్చిగా ఆడతాను, ఆమెకి రోబో అంటే విరక్తి పుడుతుంది, కాగితం మీద నా పేరు రాస్తుంది.

కానీ ఒక తిరకాసు ఉంది. ఆ యాప్‌లో పాట రోబోకి దక్కితే దాని ముక్కలు కూడా మనిషే ఆడాలి. నేను పాట గెలిస్తే ఆమె ఎంత నొక్కినా తెర మీద ఆ ముక్కలు కదలవు, నేను దొరికిపోతాను. అందుకని ఏం చేసినా సరే, పాట మాత్రం గెలవకూడదు. మొదటి చెయ్యి పాట ఆమె గెలిచింది. నా ముక్కలు వాటంతటవే తెరుచుకుని పరుచుకున్నాయి. నేను డమ్మీ అయ్యాను. ఈసారి దగ్గు కూడా లేదు.

అప్పుడు గోడవతల నుంచి సత్య గొంతు వినిపించింది.

"అబ్బ, ఎంత మంచి చెయ్యి పెట్టావు బంగారం!"

నా ఒళ్ళంతా మండిపోయింది. రెండేళ్ళలో నన్ను ఒక్కసారన్నా బంగారం అనలేదు. పుట్టినరోజుకి కూడా "శ్రావణ్, గ్యాస్ బుక్ చెయ్" అంది. ఎవడ్రా ఆ బంగారం అని ఫోన్ వైపు చూశాను. నేనే. ఆ క్షణం నుంచి నా మీద నాకే పగ మొదలైంది.

బుధవారం ఇంకా ఘోరం. చెడగొట్టాలన్న పథకం ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలీదు. నేను మంచి ముక్కలు పరుస్తుంటే ఆమె పట్లు పడుతూనే ఉంది. "మా ఆయనైతే ఈపాటికి నా చెయ్యి కూడా లాక్కుని ఆడేసేవాడు. నువ్వు నయం," అంటుంది నాతో. రోబో7ని చంపేయాలనిపించింది. చంపితే అన్నానికి లేచేదెవరు?

పనేమీ లేదు కాబట్టి ఆమె ఆట చూస్తూ కూర్చున్నాను. అంతకుముందెప్పుడూ చూడలేదు. నేను ఆడుతుండేవాణ్ణి కదా.

గురువారం నా చేతికి ఏడు ఆఠీన్లు వచ్చాయి. ఆసు, రాజు, రాణి, అన్నీ. ఇలాంటి చెయ్యి కోసం మా వంశంలో ఏడు తరాలు ఎదురుచూసి ఉంటాయి. సత్య ఇస్పేటు పాడింది. నా దగ్గర ఇస్పేట్లు రెండే. నేను ఆఠీను పాడితే పాట నాదే, చెయ్యి నాదే. వేలు ఆఠీను బటన్ దాకా వెళ్ళింది. పాడితే దొరికిపోతాను. అదొక్కటే కాదు. పాడితే ఆమె ఆడదు.

కళ్ళు మూసుకుని, ఆమె ఇస్పేటునే పది పట్లకి పెంచాను.

ముక్కలు పరుచుకున్నాయి. కుక్కర్ కూడా ఊపిరి బిగపట్టింది. చాలాసేపటికి ఆట మొదలైంది. సత్య ముందుగా రెండు పట్లు వదిలేసింది, తర్వాత ఒకటి, ఆ తర్వాత పదీ లాగేసింది. సరిగ్గా పది.

"రోబో," అంది మామూలు గొంతుతో. "టీ పెట్టు. అల్లం ఎక్కువెయ్యి."

రోబోలు టీ పెట్టవు కాబట్టి, అనుమానం రాకుండా ఒక నిమిషం కదలకుండా కూర్చున్నాను. తర్వాత వెళ్ళి పెట్టాను.

సత్య వంటింట్లోకి వచ్చి స్టవ్ పక్కన నిలబడింది. చేతిలో నిమ్మకాయ.

"ఏడు ఆఠీన్లు, పైన ముగ్గురు దొరలు. అవి దాచుకుని నా ఇస్పేటుకి వంత పాడే రోబోని ఇంతవరకు ఎవడూ తయారుచెయ్యలేదు శ్రావణ్."

"నాకేం ఎర్క? నేను లోపట పండుకున్న."

"సోఫాలో ఈ నిమ్మకాయ ఏంటి?"

"అది కూడా రోబోదే అనుకుంట."

ఆమె మూతి బిగించింది. నవ్వు ఆపుకుంటుందో కోపం ఆపుకుంటుందో తెలియలేదు. నాకు దానికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది.

"మంగళారం నువ్వు బంగారం అన్నవ్. ఎవర్నన్నవ్?"

"రోబోని."

"రోబో అంటే నేనే గదా."

"అప్పటికి నాకు తెలీదుగా. కాబట్టి రోబోనే."

"అరె, ముక్కలు వరిచింది నేను, కండ్లు కాయలు గాసేటట్టు చూసింది నేను, పేరు దానికా?"

"మూడ్రోజులు చూశావు కదా," అంది సత్య. ఈసారి గొంతులో నవ్వు లేదు. "ఏం చూశావు?"

జోకు నాలుక చివర దాకా వచ్చింది. మింగాను. మిక్చర్ కన్నా గట్టిగా ఉంది.

"ఓడిపోయే పట్టు నువ్వు ముందే ఇడిసిపెడతవ్. చివరిదాంక గుంజుకుంట గూసోవు. నేనైతే అది ఇయ్యనీకి మనసొప్పక అన్నీ పోగొడ్త. నిరుడు మనం ఓడింది నా వల్లనే."

టీ పొంగింది. స్టవ్ ఆమే ఆపింది. వెళ్ళి, ఫ్రిజ్ మీది కాగితం తీసి, పెన్నుతో సహా నా చేతిలో పెట్టింది.

"నువ్వే రాసుకో. ఒకటే మాట. నీ చెయ్యి నువ్వు ఆడు, నా చెయ్యి నన్ను ఆడనీ. ఆఠీన్లుంటే దాచకు, అది కూడా మోసమే."

నా పేరు ఎంత జాగ్రత్తగా రాశానంటే, పదో తరగతి హాల్ టికెట్ మీద కూడా అంత గుండ్రంగా రాయలేదు.

ఆదివారం క్లబ్బులో మొదటి చెయ్యి పాట సత్యదే. నా ముక్కలు వరసగా పరిచాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాను. ఎదుటి జంటలో మురళీమోహన్ గారు ఏదో తప్పు ముక్క వేశారు. దాని మీద నా దగ్గర పదకొండు జోకులున్నాయి. ఒక్కటీ వెయ్యలేదు. చెవుల్లోంచి ఆవిరి వచ్చి ఉంటుంది.

పక్క బల్ల దగ్గరున్న మా మామగారు ఆట ఆపి నా వైపు వంగారు.

"ఏమ్మా సత్యా, అల్లుడుగారికి ఒంట్లో బాలేదా? ఉలుకూ పలుకూ లేదు."

"ఛార్జింగ్‌లో పెట్టాను నాన్నా," అంది సత్య ముక్కల్లోంచి తల ఎత్తకుండా.

పట్లన్నీ లెక్క సరిపోయాయి. ముక్కలు సర్దుతూ నా వైపు చూసింది. "మంచి చెయ్యి పెట్టావు," అంది.

నేను ఆగాను. ఇంకో మాట వస్తుందేమోనని మెడ చాపి ఆగాను. రాలేదు. రెండో చెయ్యి పంచడం మొదలుపెట్టింది.

పన్నెండు జంటల్లో మాకు ఐదో స్థానం వచ్చింది. మామగారు అందరికీ సమోసాలు తెప్పించారు. నేను నాలుగు తిన్నాను గానీ రుచి తెలియలేదు. ఇంటికొచ్చాక యాప్ తెరిచి రోబో7ని తీసేశాను. కడుపు మంట మాత్రం తగ్గలేదు. నా ముక్కలతో నా బంగారాన్ని వాడు పట్టుకుపోయాడు.