తకిటమ్మ నోరు మూసిన రోజు

చెప్పులు విడిచి, ఒట్టి కాళ్లతో పేపరు కటింగ్ మెషిన్ ముందు తను వేసుకున్న చెక్కపలక మీద నిలబడి, తకిటమ్మ కళ్లు మూసుకుంది. స్విచ్ ఇంకా వేయలేదు. "తకధిమి తకిట" అని పెదవుల మీదే అనుకుంటూ ఒక్కో అక్షరాన్నీ ఒంట్లో ఒక్కో చోటికి పంపింది. మడమకి, మోకాలికి, నడుముకి, వెన్నుకి, భుజానికి, మోచేతికి, చివరి 'ట' కుడి అరచేతికి. అది చేరేదాకా ఆమెకి తెల్లవారినట్టు కాదు.

"మొదలైంది గోల," అన్నాడు అవతలి పక్కనుంచి, అందరూ ముక్కోపి అని పిలిచే తోటి పనివాడు.

కాగితాల కట్ట అంచులు సరిచేయడం అతని పని, కట్టని కత్తి కిందికి తోసి పెడల్ తొక్కడం ఆమె పని. పదకొండేళ్లుగా ఒకే మెషిన్‌కి అటూ ఇటూ నిలబడుతున్నా, తిన్నావా అని ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు.

ముప్పయ్యో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె కుడిచేతి తెలివి పట్టుకుపోయింది. చెయ్యి కదిలేది, బరువు మోసేది. చూపు తిప్పుకుంటే మాత్రం అదెక్కడుందో తెలిసేది కాదు. ఒకసారి పొయ్యి మీదే ఉండిపోతే, కాలిన వాసన వచ్చాక చూసుకుంది. మద్దెల వాయించే తండ్రి ఆమెని గోడకి ఆనించి నిలబెట్టి ఏడాదిపాటు జతులు పలికించాడు. "ఇది వాయించడానికి కాదే, నీ చెయ్యి నీకు దొరకడానికి. ముక్కు మూసుకుని కూర్చోవడమేనా యోగమంటే?" అనేవాడు.

భర్త పోయాక, మరిది నడిపే ప్రెస్సులో ఆమె పనికి చేరితే, ఆ జతి మెషిన్‌కీ పట్టుకుంది. 'తక' అంటే కట్ట ముందుకి, 'ధి' అంటే చేతులు వెనక్కి, 'మి' అంటే పెడల్. 'తకిట' అనేలోగా కత్తి దిగి లేచేది.

తొమ్మిదింటికి మరిది వచ్చాడు.

"వదినా, ఇవాళ బడి పుస్తకాలవాళ్లు చూడ్డానికొస్తున్నారు. నీ గొణుగుడు వినబడిందో, రేపట్నుంచి ఇక్కడ ఇంకొకరుంటారు."

"నోరు మూస్తే నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలీదయ్యా."

"భుజానికే ఉంటుంది. ఎక్కడికి పోతుంది?"

ముక్కోపి పడీపడీ నవ్వాడు.

ఈ మెషిన్ పోతే ఆమెకి మిగిలేది తోటికోడలి వంటిల్లు. ఆ వంటింట్లో పొయ్యి ఉంది. తకిటమ్మ నోరు మూసింది.

మొదటి పది కట్టలకీ వీపు మీద చెమట కాలువ కట్టింది. తర్వాత నాలుక ప్రమేయం లేకుండానే జతి లోపల నడవసాగింది. వచ్చినవాళ్లు వచ్చారు, చూశారు, వెళ్లారు. మరిది ఆమె పాదాల వంక చూశాడే గాని బాగుందన్న మాట అనలేదు. అనకపోతే పీడాపోయిందనుకుంది. నోరు మెదపకుండా పని చేసి చూపించి, అందరి మొహం మీదా కొట్టినట్టుంది ఆమెకి.

మధ్యాహ్నం మూడైంది. లోపల 'తక' అంది. 'ధి' అంది. తన కుడిచెయ్యి పొట్టదాకా రావడం, అరచేతిలో తడి, అన్నీ ఆమెకి తెలిశాయి. 'మి'. కాలు దిగింది.

ముక్కోపి కేక మెషిన్ చప్పుడుని మించిపోయింది. అతని నడిమివేలి కొన గోరుతో సహా తెల్లకాగితాల మీద పడి ఉంది.

"చంపేశావే, దిక్కుమాలినదానా! ధి అనకుండా తొక్కుతావా?"

"నువ్వు వింటావా?" అంది తకిటమ్మ.

"పదకొండేళ్లుగా చెవిలో పోస్తుంటే వినక చస్తానా? పొద్దుట్నుంచీ నీ కాలు చూస్తూ నెట్టుకొచ్చాను గాని, అది వినబడితేనే నా చేతులు వాటంతటవే వెనక్కొస్తాయి!"

ఆమె మొదటిసారి అతని చేతులకేసి చూసింది. ఒంట్లో కీలు కీలుకీ అక్షరం పంపుకుంది గాని, తన చేతితో పాటే రోజూ వెనక్కి జరిగిన ఆ రెండు చేతులూ ఏనాడూ ఆమె లెక్కలోకి రాలేదు.

"నీ చేతులు నేనెప్పుడూ చూడలేదు."

"చూడమని ఎవడేడ్చాడు? పలికితే చాలుగా!"

కేక విని పరుగెత్తుకొచ్చిన మరిది, ముక్కోపి వేలికి గుడ్డ చుడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "తొక్కింది నువ్వు వదినా. ఇంక చాలు, ఇంటికెళ్లు."

నోరు మూయమన్నదెవరని అడగొచ్చు. పొద్దుటినుంచీ మూసి ఉంచిన నోరు, ఇంకాస్సేపు మూసి ఉంచడం కష్టం కాలేదు. ముక్కోపి గోడవైపు తిరిగాడు. గుమ్మం దాటుతుంటే ఆమె కుడిచెయ్యి తలుపు చెక్కకి గట్టిగా కొట్టుకుంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని మెట్లు దిగింది. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

మెషిన్ ముందు ఆమె వేసుకున్న చెక్కపలక అలాగే ఉంది. చుట్టూ కాగితపు దుమ్ము. కుడి మడమ ఆనేచోట మాత్రం, గరిటె అడుగంత, నున్నగా అరిగిన గుంట.