కవరు విప్పని బెల్టు

మా ఇంట్లో టీవీ రిమోటుకి ఇప్పటికీ దుకాణం కవరే ఉంటుంది. కారు సీట్ల మీది ప్లాస్టిక్ ఇక్కడి ఎండకి పెళుసెక్కి చిరిగిపోయింది కాబట్టి తీశాం, లేకపోతే అదీ ఉండేది. కొత్త వస్తువుని కొత్తగా ఉంచడం మా ఆయన మహీధర్‌కి ఒక వ్రతం. పెళ్ళయిన కొత్తలో నవ్వేదాన్ని, తర్వాత విసుక్కునేదాన్ని, ఆ తర్వాత నేనూ అదే పని చేయడం మొదలుపెట్టాను. ఈ కవరు పిచ్చి ఒక మనిషి కాలు విరగ్గొట్టేదాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

మేముండేది ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో. మహీధర్ ఒక ఎమిరాతీ పెద్దమనిషి దగ్గర ఆఫీసు వ్యవహారాలన్నీ చూస్తారు. ఆ యజమానిని అందరూ ముదీర్ అనే పిలుస్తారు. ఊరి బయట ఆయనకి ఖర్జూరం తోట ఉంది. ఈ దేశంలో వేట నిషేధం కాబట్టి ముదీర్ ఏటా చలికాలం ముందు హంగరీ వెళ్ళి దుప్పుల వేట ఆడి వస్తారు. అక్కడ చెట్టుకి చిన్న కుర్చీ బిగించుకుని, దాని మీద కదలకుండా మెదలకుండా కూర్చుని, దుప్పి వచ్చేదాకా కాచుకోవాలట. మన చేలల్లో వేసుకునే మంచె లాంటిదే, కాకపోతే చెట్టుకి పట్టీతో వేలాడుతుంది. పోయినేడాది తీసుకెళ్ళింది ఇనుపదట, మోసి మోసి మోకాలు పట్టేసిందట. ఈసారి తేలికగా ఉండేదీ, పడతామన్న భయం లేనిదీ ఒకటి చూసి తెప్పించమని మహీధర్‌కి పురమాయించారు.

ఇక చూడాలి మా ఇంటి సంబరం. కోడిగుడ్డు ముట్టని మనిషి, బాల్కనీలో పావురాన్ని అదిలించడానికి కూడా మనసొప్పని మనిషి, తిండీ నిద్రా మాని దుప్పుల వేట సామాన్లలో మునిగిపోయారు. నిచ్చెనతో కలిపి వచ్చే రకం గట్టిదే గానీ బరువు. మాను వెంబడి పైకి జరుపుకుంటూ ఎక్కే రకానికి మోకాళ్ళలో సత్తువ కావాలి. పట్టీతో వేలాడదీసేదయితే అల్యూమినియంది, ఒంటి చేత్తో పట్టుకుపోవచ్చు. నేను పప్పులో తాలింపు వేస్తుంటే వెనకనుంచి వచ్చి, అతుకులు ఎంత నీటుగా ఉన్నాయో చూడమని ఫోను నా మొహం మీద పెట్టేవారు.

మనకీ ఒకటి తెప్పించండి, చెట్టెక్కి కూర్చుంటే నాకూ కాస్త ప్రశాంతంగా ఉంటుంది అన్నాను ఒకరోజు. వినిపించుకుంటేగా.

ఒక్క సంగతి మాత్రం ఆయన నాకు పదేపదే చదివి వినిపించారు. ఈ కుర్చీల మీదనుంచి జనం పడేది ఎక్కువగా కూర్చున్నప్పుడు కాదట, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనట. అందుకని నేల మీద ఉన్నప్పుడే భుజాలకీ తొడలకీ బెల్టు తగిలించుకుని, దాని తాడు చెట్టుకి కట్టుకుని మరీ ఎక్కాలట. ఆ బెల్టు కూడా ఉన్నవాటిలోకెల్లా మంచిది ఏరి తెప్పించారు. మా ఆయన ఎంత జాగ్రత్తపరుడో అని అప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది.

కుర్చీ, బెల్టు రెండూ వచ్చాయి. ముదీర్‌కి అప్పగించే ముందు ఒకసారి చెట్టుకి కట్టి చూడాలన్నారు. అది సబబే. సెప్టెంబరు ఎండ ముదరకముందే వచ్చేద్దామని శనివారం పొద్దున్నే తోటకి బయల్దేరాం. ఒక పాత దుప్పటి పట్టుకురా అన్నారు. ఎందుకో అడగకుండా బీరువాలోంచి గులాబీపూల దుప్పటి తీశాను. ఎవరో పెళ్ళిలో పెట్టారు, పడుకుంటే మంచం మీదనుంచి జారిపోతూ ఉంటుంది, అందుకే వాడం.

తోటలో ఫోర్‌మన్ అమీర్ జాన్ లేడు, పంపు మోటారు బాగుచేయించడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. షెడ్డు దగ్గర పర్శరాములు ఒక్కడే ఉన్నాడు. జగిత్యాల దగ్గరి పల్లెటూరి మనిషి. తోటలో చెట్లెక్కి గెలలు కోసేవాళ్ళలో అతనొకడు. నేనెప్పుడు వెళ్ళినా "మంచిగున్నరా మేడం" అని పలకరించి, మంచి పళ్ళు ఏరి సంచిలో పోసి ఇచ్చేవాడు. తెలుగు మాట వినపడితే చాలు, అతని మొహం విప్పారేది.

గేటు పక్కన వేపచెట్టుకి నిచ్చెన వేసుకుని, రెండు నిలువుల ఎత్తున, పర్శరాములే కుర్చీ బిగించాడు. మా ఆయనకి నిచ్చెన రెండో మెట్టు మీదే ఆయాసం వస్తుంది కాబట్టి కూర్చుని చూడాల్సింది కూడా అతనే. అప్పుడు మహీధర్ నా చేతిలోంచి దుప్పటి తీసుకుని, కుర్చీ మీదా, కాళ్ళు పెట్టుకునే పలక మీదా పరవమన్నారు. పర్శరాములు కాళ్ళకి తోట బురద ఉంది. అది అంటకూడదట. దుప్పటి ఎందుకు తెమ్మన్నారో నాకప్పుడు అర్థమైంది.

దుప్పటి పరిచి దిగి వచ్చి, కారు బానెట్ మీద కవరులో ఉన్న బెల్టు చూశాడు పర్శరాములు. ఇది కట్టుకోవాల్నా సార్ అని అడిగాడు.

"వద్దు వద్దు, కవరు విప్పకు. అది ముదీర్ గారు తన చేత్తో విప్పాలి. నీ చెమటయితే వాసనొస్తుంది. ఒక్క నిమిషం కూర్చుని దిగిపోదువుగాని."

అయితే షెడ్డులో తన తాడు ఉంది, తెచ్చుకుంటానన్నాడు. తాడు రాసుకుంటే కుర్చీ రంగు పోతుందన్నారు మహీధర్. ఎండెక్కుతోంది, యల్లా, కానీయ్ అని తొందరపెట్టారు. నేను కారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. నోట్లో నాలుక లేనట్టు నిలబడి ఉన్నాను.

పర్శరాములు నిచ్చెన ఎక్కి పలక మీద ఒక కాలు మోపాడు. కాలి కింద దుప్పటి సర్రున జారింది. పట్టుకోవడానికి కొమ్మ అందలేదు. పడ్డ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది, ఎలా ఉందో చెప్పలేను. పైన కుర్చీ ఒక్క అంగుళం కదల్లేదు. కుర్చీకి దుప్పటి కప్పాం గానీ, మనిషికి తాడు కట్టలేదు.

అబద్ధమెందుకు, మహీధర్ పరుగెత్తారు. అతని తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు, నీళ్ళు పట్టారు, ఆంబులెన్సుకి ఫోను చేశారు. ఆ తర్వాత తలెత్తి పైకి చూసి, ఏం కాలేదు అన్నారు. పర్శరాములు గురించి అనుకున్నాను. కాదు, కుర్చీ గురించి.

ఆంబులెన్సు వచ్చేలోగా కర్రతో లాగి దుప్పటి దించి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని మడిచి కారు డిక్కీలో పడేశాను. మడత కూడా నీటుగా పెట్టాను.

మడమ ఎముక విరిగింది, ఎడమ మణికట్టు విరిగింది. బతికి బట్టకట్టాడు, అది దేవుడి దయ. ఆస్పత్రి వరండాలో మహీధర్ ముదీర్‌కి ఫోనులో చెబుతుంటే విన్నాను. బెల్టు ఇచ్చాం సర్, కట్టుకోమంటే కట్టుకోలేదు. ఆ మాట అంత గుక్కతిప్పుకోకుండా ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, నీకు అన్నీ నేను చూసుకుంటాను, నువ్వు ఈ ఒక్క మాట అను చాలు అని పర్శరాములుకి చెప్పుకున్నారు. నొప్పికి మూలుగుతున్న మనిషి సరేనని తలూపాడు.

మర్నాడు ముదీర్ స్వయంగా ఆస్పత్రికి వచ్చారు. మంచం పక్కన కూర్చుని, బెల్టు ఎందుకు పెట్టుకోలేదని హిందీలో అడిగారు. "గల్తీ హో గయా సాబ్" అన్నాడు పర్శరాములు. ముదీర్ లేచారు. బయటికి వచ్చాక మహీధర్‌తో రెండు మాటలు చెప్పారు. కుర్చీ చెక్కుచెదరలేదు, నీ ఎంపిక బాగుంది అన్నది మొదటిది. ఇచ్చిన బెల్టు కట్టుకోని మనిషిని చెట్లెక్కించి రేపు అతని చావు చూడలేను, కాలు నయమవగానే ఇంటికి పంపించెయ్, ఖలాస్, అన్నది రెండోది.

మహీధర్ ఇంటికొచ్చి పప్పూ అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నారు. వెళ్ళి నిజం చెప్పండి అన్నాను. చెబితే నా మీద నమ్మకం పోతుంది, ఉద్యోగం పోతుంది, పిల్ల చదువు మధ్యలో ఉంది అన్నారు. మరి అతని ఉద్యోగమో అన్నాను. వేరే కంపెనీలో చూసి పెడతాన్లే అన్నారు. కుంటి కాలుతో ఎవరు పెట్టుకుంటారని నేను అడగలేదు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఒళ్ళు మండిపోయింది గానీ, ఆ మంట ఆయన మీద ఎంతో నా మీద అంత.

ఆ సాయంత్రం డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళ్ళాను. పర్శరాములు తన భార్య సమ్మవ్వతో వీడియోలో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి, తెలుగు మేడం వచ్చిందే, అన్నం తెచ్చింది అని ఫోను నా వైపు తిప్పాడు. సమ్మవ్వ ముందు దండం పెట్టింది. నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"మీరు బెల్టిచ్చినా కట్టుకోలేదంట గదమ్మా. రోజు చెట్లెక్కెటోనికి గంత తెలివి లేదా? నా మాట ఇంటలేడు. మీరన్న గట్టిగ తిట్టుండ్రి."

పర్శరాములు నా వైపు చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. మాకోసం పెళ్ళాం చేత కూడా తిట్లు తింటున్నాడు. ఇంక నావల్ల కాలేదు.

"సమ్మవ్వా, మేం బెల్టు ఇవ్వలేదు. ఆయన అడిగాడు. మేమే కట్టుకోనివ్వలేదు."

"ఎందుకమ్మా?"

"కొత్తది కదా అని."

సమ్మవ్వ ఫోను దగ్గరగా పట్టుకుంది. వెనక ఎక్కడో కోడి అరుస్తోంది. తర్వాత, "మా ఆయన చెమట అంటుతదనా?" అంది. కోపంగా అనలేదు. తెలీక అడిగినట్టే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. పర్శరాములు ఫోను తీసుకుని, మళ్ల చేస్తనే అని పెట్టేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వరండాలోంచి మహీధర్‌కి ఫోను చేశాను. సమ్మవ్వ ఏమందో చెప్పాను.

"దుప్పటి ఇంకా డిక్కీలోనే ఉంది. అది పట్టుకుని ముదీర్ గారింటికి వెళ్తున్నాను. మీరొస్తే మీరు చెప్పండి. రాకపోతే నేను చెబుతాను."

వచ్చారు. నాకన్నా ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నారు. ముదీర్ అతిథులు కూర్చునే తన మజ్లిస్‌లో మమ్మల్ని కూర్చోబెట్టి గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తెప్పించారు. బల్ల మీద మహీధర్ అంతకుముందే అప్పగించిన బెల్టు పాకెట్టు ఉంది, కవరుతోనే. మహీధర్ కప్పు ముట్టుకోకుండా మొత్తం చెప్పారు, అడగడమూ, వద్దనడమూ, తాడు తెచ్చుకుంటానంటే ఆపడమూ. నేను దుప్పటి విప్పి నేల మీద పరిచాను. గులాబీపూల మీద బురద కాలి ముద్ర ఒకటి, జారినంత మేరా సాగిపోయి ఉంది.

ఎందుకు విప్పనివ్వలేదు అని అడిగారు ముదీర్. అక్కడ సమ్మవ్వదీ, ఇక్కడ యజమానిదీ అదే ప్రశ్న. మహీధర్ తలొంచుకుని, కొత్తది సర్, మీకోసం, అన్నారు.

"నాకోసమా" అన్నారు ముదీర్. ఎంత మెల్లగా అన్నారంటే, అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

పర్శరాములు ఎక్కడికీ వెళ్ళడు, కాలు నయమయ్యాక కింద పని చేసుకుంటాడు అని చెప్పారు. నువ్వు రేపటినుంచి తోట వ్యవహారాల్లోకి రాకు, మిగతాది ఆలోచించి చెబుతాను అని మహీధర్‌తో అన్నారు. బెల్టు పాకెట్టు మా వైపు జరిపి, ఇది నేనింక వేసుకోలేను, ఎవరు అడిగారో వాళ్ళకే ఇచ్చెయ్ అన్నారు. మేం లేచి వస్తుంటే దుప్పటి తీసుకుపొమ్మని కూడా అనలేదు. నేనే వంగి తీసుకున్నాను.

అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్ళాం. మహీధర్ మంచం దగ్గర నిలబడి, తప్పు నాది పర్శరాములూ, ముదీర్ గారికి చెప్పేశాను, నీ పని నీకుంటుంది అన్నారు. గంత మాటెందుకు సార్ అని పర్శరాములే నొచ్చుకున్నాడు. ఇది నీదే అని పాకెట్టు ఒళ్ళో పెట్టి, మహీధర్ కవరు చించబోయారు.

"విప్పకుండ్రి సార్. కొత్తగనే ఉండనీయుండ్రి. ఇంటికి పంపిస్త. మక్కచేన్ల పందులు పడుతున్నయని మా తమ్ముడు మంచెక్కుతడు."

మహీధర్ చేతులు ఆగిపోయాయి. ఆ మాటకి నేను ఆగలేకపోయాను. పాకెట్టు లాక్కుని, వేళ్ళకి రాకపోతే పళ్ళతో కొరికి, కవరు నిలువునా చించి చెత్తబుట్టలో పడేశాను. బెల్టు తీసి అతని ఒళ్ళో పరిచాను.

పర్శరాములు చించిన కవరు వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత కట్టు లేని చేతిని మంచం దుప్పటికి అటూ ఇటూ శుభ్రంగా తుడుచుకుని, అప్పుడు బెల్టుని ముట్టుకున్నాడు.