సలోమి పాట విన్న మైకు

హలో... అందరికీ వినిపిస్తోందాండీ? వినిపిస్తే ఒక్క ఐదు నిమిషాలు లైన్లో ఉండండి.

నేను ఒక మైకుని. బొంబాయిలో బిగించి, గడ్డి పేర్చిన పెట్టెలో పెట్టి విశాఖపట్నంలో ఒక రేడియో స్టేషనుకి పంపారు. కొన్నాళ్లు ధరవరలు చదివేవాళ్లు నా మొహం మీదే దగ్గేవారు. ఆ తర్వాత బెనర్జీ గారి చేతిలో పడ్డాను. పేరు చూసి బెంగాలీ అనుకునేరు, అచ్చంగా అనకాపల్లి మనిషి. సాయంత్రం ఐదున్నరకి ఆయన 'ఉప్పుగాలి' అని పాప్ పాటల కార్యక్రమం చేసేవారు. మొదట్లో అన్నీ ఇంగ్లీషు రికార్డులే. తర్వాత "మనవాళ్లకి గొంతుల్లేవా?" అని గిటారు వాయించే కుర్రాళ్లని పోగేసి, తెలుగులో పాప్ పాటలు కట్టించి, తనే రికార్డు చేయడం మొదలుపెట్టారు. పేరంతా ఆయనకి, తుంపర్లన్నీ నాకు.

ఒకరోజు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే సలోమి వచ్చింది. గొంతులో గడ్డ, వారంలో ఆపరేషన్. ఆ తర్వాత ఇక పాడటం కుదరదని డాక్టర్లు చెప్పేశారు. ఇంట్లో ఏడాది పాప.

"నా గొంతు ఎలాగుండేదో దానికి తెలియాలి కద సార్. ఒక్క పాట దాచండి," అంది.

"ప్రాణంలా దాస్తానమ్మా," అన్నారాయన.

పాడింది. అంత దగ్గరగా నిలబడి నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. మర్నాడే ప్రసారమైంది.

మా దగ్గర టేపులకి కరువు. ప్రసారమైన టేపు మీదున్నదంతా తుడిచి మళ్లీ వాడతారు. ఉంచాల్సిన దానికి అట్టపెట్టె మీద 'తుడవవద్దు' అని చీటీ అంటించాలి. సముద్రపు గాలికి జిగురు ఆగదు, చీటీలు రాలిపోతాయి. బెనర్జీ గారు మరీ జాగ్రత్తపడి, ఆ చీటీని పెట్టె లోపల, అడుగున వేసిన కాగితం కిందకి దోపారు. నా కళ్లెదుటే.

మూడోరోజు టేపుల గది చూసే సత్యం ఆ పెట్టె పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. పైన చీటీ లేదు. తుడవడం మొదలుపెట్టాడు. నేను అరిచాను. అందరి మాటా అవతలికి చేరుస్తాను గానీ, నా మాట చేర్చే మైకు ఎక్కడుంది?

"లోపల పెట్టానయ్యా, లోపల!" అని బెనర్జీ గారు తల పట్టుకున్నారు.

"లోపల సూడమని నాకెవులు సెప్పారు సార్?" అన్నాడు సత్యం. వాడి తప్పేముంది?

ఆపరేషన్ అయ్యాక సలోమి వచ్చింది. గొంతు ఉత్త గాలి. సంగతి ఆయనే చెప్పారు.

"ఎవులో ఒకలు ఇంటికాడ రేడియో పాట కేసెట్లో పట్టుకునుంటారు సార్. అడగండి," అంది.

ఆయన రోజూ నా ముందు కూర్చుని శ్రోతల్ని అడిగారు. ఏడాదికి గాజువాక నుంచి ఒకాయన కేసెట్ పట్టుకుని పరుగున వచ్చాడు. వేశారు. "ఇప్పుడు సలోమి పాడుతుంది" అని బెనర్జీ గారి గొంతు. టక్కుమని ఆగిపోయింది.

"పాటలొచ్చినప్పుడు రికార్డింగు ఆపేసేవాణ్ణి సార్. నాకు మీ మాటలంటేనే ఇష్టం," అన్నాడు సంబరంగా.

అంత అభిమానిని ఏమంటారు? బెనర్జీ గారు ఆయనకి టీ తెప్పించారు. తను మాత్రం తాగలేదు.

బెనర్జీ గారు పోయి తొమ్మిదేళ్లు. నన్ను గాజు బీరువాలో పెట్టారు. పోయిన నెల సలోమి కూతురు వచ్చి, అద్దానికి చెవి ఆనించి నిలబడింది. నాలోంచి వెళ్లిన పాట నాలో ఒక్క ముక్కా మిగలదు తల్లీ, అని ఎలా చెప్పను?

మీ అటక మీద పాత కేసెట్లు ఉంటే ఒక్కసారి వేసి చూడండి. లేకపోతే ఈ కథ ఇంకో నలుగురికి పంపండి. సలోమి పాట వచ్చిన ఆ సాయంత్రం ఎవరో ఒకరు రికార్డింగు ఆపకుండా వదిలేసే ఉంటారు.