దారం లేని సూది

ముప్పై ఏళ్లు సూదితో బతికిన మనిషి! అలాంటి టైలరమ్మ, డాక్టరమ్మ చేతిలో వెంట్రుకంత సూది చూసి బిక్కచచ్చిపోయింది.

"దారం లేకుండా ఇదేం కుడుతుంది తల్లీ?"

డాక్టరమ్మ నవ్వింది. "కుట్టదు, విప్పుతుంది. మీ భుజంలో కండ ముడిపడిపోయింది. సూది దిగగానే ఉలిక్కిపడి వదులవుతుంది. నరం ఆ కబురు మెదడుకి చేరవేస్తుంది. అప్పుడు నొప్పిని అణిచే మందు మీ ఒంట్లోనే ఊరుతుంది. సూదికి మందేమీ ఉండదు."

ఆ భుజం బట్టలు కుట్టి పాడవలేదు. రెండేళ్లుగా మంచాన పడ్డ మొగుణ్ణి రెండు గంటలకోసారి పక్కకి తిప్పీ తిప్పీ పాడైంది. తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఒకప్పుడు లారీ తోలిన మనిషి, పొడుగూ బరువూ రెండూ ఎక్కువే. తన చెయ్యి లేవకపోతే ఆయన్ని తిప్పేదెవరు? ఆవిడ దిగులంతా అదే.

మొదటి రోజు సూదులు తీసేసరికి చెయ్యి చెవిదాకా లేచింది. ఇంకేం, పట్టరాని సంతోషంతో ఇంటికెళ్లి ఆయన్ని నాలుగుసార్లు తిప్పింది. తెల్లారేసరికి నొప్పి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

డాక్టరమ్మకి ఒళ్లు మండింది. "కుట్టు పూర్తికాకుండానే రవిక తొడుక్కుంటే ఏమవుతుంది?"

"పిగిలిపోతుంది."

"మీరు చేస్తున్నది అదేగా! మూడు వారాలు బరువు ముట్టుకోవద్దు."

ఇంటికొచ్చి మంచం పక్కన కూలబడి ఏడ్చింది. మొగుడే సర్దిచెప్పాడు. "నన్ను ఏదైనా ఆస్పత్రిలో నర్సుల దగ్గర పడేసి రావే. మూడు వారాలేగా, ఎక్కడికి పోతాను? చెయ్యి బాగుచేసుకుని రా. అప్పుడు తిప్పుదువుగాని, గిరగిరా."

మనసొప్పక మనసొప్పక చేర్పించింది. రోజూ వెళ్లి పక్కన కూర్చునేది. మూడోవారంలో ఆయనకి జ్వరం తగిలింది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆఖరి రోజు ఆవిడ భుజంలో సూదులుండగానే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. డాక్టరమ్మ ఒక్కొక్క సూదీ తీసేసింది.

ఆవిడ చేరేసరికి, ఆయనకి ఆఖరిసారి చొక్కా మార్చాలని నర్సులొచ్చారు. వీపు వైపు ముడులు పెట్టి టైలరమ్మే కుట్టిన చొక్కా.

"మీరు జరగండమ్మా. ఆయన్ని తిప్పడం నాకు తెలుసు."

భుజం కింద చెయ్యి పెట్టి ఒక్క ఊపున తిప్పింది. కలుక్కుమంటుందని పళ్లు బిగించింది కానీ భుజం కలుక్కుమనలేదు. రవ్వంత నొప్పి కూడా లేదు. పాడు భుజం, ఈ ఒక్కసారికైనా నొప్పి పెడితే దాని సొమ్మేం పోయింది?

"చూడవయ్యా, బాగైపోయింది," అని ఆయన చెవిలో చెప్పింది.

తరవాత ఆ బాగైన చేత్తోనే గుండెలు బాదుకుంది.