బొమ్మలో దొరికిన చెవి మిషను

మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. "కాళ్ళ దగ్గరో మిషను, చెవిలో ఇంకో మిషను. నేనే ఒక ఫ్యాక్టరీని!" అని నవ్వేది. చెవి మిషను జారిపడకుండా దానికి ఎర్రదారం కట్టి జాకెట్టుకు ముడేసుకునేది.

నేను బొమ్మలు వేస్తాను. ఎక్కువగా బల్ల మీద పేర్చిన వస్తువులే. ఎండిన నిమ్మకాయ, ఆగిన గడియారం, బోర్లించిన గ్లాసు, ఒక్కొక్కటీ ఒక్కో జ్ఞాపకానికి గుర్తు. ఒకరోజు పెద్దమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు కిటికీ గట్టు మీద చెవి మిషను కంటబడింది. బొమ్మలోకి బావుంటుందనిపించి, గంటలో తిరిగి పెట్టేద్దామని తీసుకెళ్ళాను. పనిలో పడి మర్చిపోయాను. బొమ్మ పూర్తయ్యాక బల్ల సర్దుతూ, అన్నిటితోపాటు దాన్నీ సొరుగులో పడేశాను.

ఆ రెండు నెలలూ పెద్దమ్మ చెవులకు చలి అంటూ శాలువా కప్పుకునే తిరిగింది. భోజనాల దగ్గర మా ఆయన "ఉప్పు ఇటివ్వండి అత్తయ్యా" అంటే, "తప్పు నాదేం లేదు బాబూ" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత ఆవిడ కంచం తన గదిలోకి పట్టుకుపోవడం మొదలుపెట్టింది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. పైగా ఆ బొమ్మకి 'దూరమైన మాటలు' అని పేరు పెట్టాను.

నా బొమ్మల ప్రదర్శనలో ఒకాయన దాని అర్థమేంటని అడిగితే గొంతు సవరించుకుని చెప్పాను. "మనం వినడం మానేసిన పెద్దవాళ్ళకి ఆ చెవి మిషను గుర్తండీ."

పక్కనే పెద్దమ్మ బొమ్మకి ముక్కు ఆనించి చూస్తోంది.

"ఒసేయ్, ఇది నాదేనే! ఇదిగో నా ఎర్రదారం!" వినబడనివాళ్ళ గొంతు కదా, హాలంతా మోగింది. "ఎక్కడో పారేసుకున్నాననుకున్నా. ఇంతకుముందు ఒకటి పోతే నువ్వు కేకలేశావుగా, అందుకే చెప్పలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. అర్థం అడిగినాయన మర్యాదగా పక్క బొమ్మ దగ్గరికి జరిగాడు.

ఇంటికి రాగానే సొరుగంతా వెతికి, బ్యాటరీ మార్చి ఆవిడ చేతిలో పెట్టాను. చెవిలో పెట్టుకునేదాకా ఆగి, "తప్పయిపోయింది పెద్దమ్మా" అన్నాను.

"ఊరుకోవే, కావాలని చేశావా ఏంటి?"

ఆ పూట కంచం తెచ్చుకుని మా మధ్య కూర్చుంది. "ఇంతకీ ఈ రెండు నెలలూ మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పండర్రా" అంది ఆశగా.

మా ఆయన నావైపు చూశాడు. నాకు ఆవిడని చూసి నవ్వుకున్న మాటలే గుర్తొచ్చాయి. తల దించుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాను.